రిచర్డ్ స్మాలీ

రిచర్డ్ ఎరెట్ స్మాలీ (జూన్ 6, 1943 - అక్టోబరు 28, 2005) అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త. 60 కర్బన పరమాణువులు బంతి ఆకారంలో కూడిన ఫుల్లరీన్ అణువును కనుగొన్నందుకు రాబర్ట్ కర్ల్, హెరాల్డ్ క్రోటోలతో కలిసి 1996లో నోబెల్ బహుమతి పొందాడు. అయితే ఈయన తన చివరి పదేళ్ళను ఆ బంతికి కాక, దాని తోబుట్టువు వంటి ఒంటిగోడ కర్బన నానో నాళికలకు ధారపోశాడు.

బాల్యం, విద్య

స్మాలీ ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నలుగురు సంతానంలో చివరివాడిగా జన్మించాడు. పెరిగింది మిస్సోరీలోని కాన్సస్ సిటీలో. తల్లితో కలిసి చెరువు నీటిలోని ఏకకణ జీవులను సూక్ష్మదర్శినిలో చూడటం ఈయన తొలి విజ్ఞాన పాఠం. పినతల్లి సారా జేన్ రోడ్స్ రసాయన శాస్త్ర ఆచార్యురాలు. ఆమె ప్రభావంతోనే ఈ శాస్త్రం వైపు మొగ్గాడు. 1965లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడై, కొంతకాలం షెల్ సంస్థలో ఉద్యోగం చేసి, 1973లో ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు పొందాడు. 1976లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చేరి జీవితాంతం అక్కడే పనిచేశాడు.

ఫుల్లరీన్

1985లో స్మాలీ ప్రయోగశాలలోని లేజరు పరికరంతో గ్రాఫైటును ఆవిరి చేసినప్పుడు ఈ బంతి అణువు బయటపడింది. కాని దొరికినది కంటికి ఆననంత కొద్ది. 1990లో క్రాచ్‌మర్, హఫ్‌మన్ బృందం కర్బన కడ్డీల మధ్య విద్యుత్ చాపంతో గ్రాముల కొలదీ తయారు చేసి చూపిన తరువాతే ఈ రంగం ఊపందుకుంది. కనుగొనడం వేరు, చేతినిండా తయారు చేయడం వేరు అన్న పాఠాన్ని స్మాలీ తదుపరి కృషి అంతటా చూడవచ్చు.

నానో నాళికల తయారీ

గ్రాఫైటులోని ఒక్క పొరను చాపలా చుట్టి అంచులు అతికినట్లు ఊహిస్తే అదే ఒంటిగోడ నాళిక. వ్యాసం సుమారు 1 నానోమీటరు. చుట్టిన తీరును బట్టి అది లోహంలాగానో, అర్ధవాహకంలాగానో ప్రవర్తిస్తుంది. వీటిని 1993లో జపానులో ఇజిమా బృందం, అమెరికాలో బెథూన్ బృందం విడివిడిగా కనుగొన్నాయి. 1996లో స్మాలీ బృందం కోబాల్టు, నికెల్ కలిపిన గ్రాఫైటును 1200 డిగ్రీల కొలిమిలో లేజరుతో ఆవిరి చేసి 70 శాతానికి మించిన దిగుబడి సాధించింది. 1999లో లేజరు అవసరమే లేని హిప్కో పద్ధతి వచ్చింది. ఇందులో అధిక పీడనంలో వేడిచేసిన కార్బన్ మోనాక్సైడు వాయువులోకి ఇనుము గల సమ్మేళనాన్ని పంపుతారు. విడివడిన ఇనుప రేణువులపై నాళికలు మొలుస్తాయి.

శుద్ధి, వినియోగం

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తయారైన మసిలో లోహపు రేణువులు, పనికిరాని కర్బనం కలిసి ఉంటాయి. పైగా నాళికలు తాళ్ళలా పెనవేసుకుని మామూలు ద్రావణులలో కరగవు. 1998లో స్మాలీ బృందం చూపిన మార్గం వంటింటి పనిని తలపిస్తుంది: మసిని సజల నత్రికామ్లంలో సుమారు 2 రోజులు మరిగించి, కడిగి, సబ్బు వంటి పదార్థం కలిపిన నీటిలో చెదరగొట్టి, సన్నని జల్లెడ పొరపై వడకట్టాలి. ఆరిన తరువాత నల్లని కాగితంలా ఊడి వస్తుంది. దీనినే బకీ కాగితం అంటారు. గాఢ ఆమ్లాల మిశ్రమంలో అతిధ్వని తరంగాలతో నాళికలను పొట్టిగా తుంచడం కూడా అప్పుడే సాధ్యమైంది.

2002లో మరో అడుగు పడింది. సబ్బునీటిలో అతిధ్వనితో కదిపి, అతివేగంగా తిప్పితే బరువైన కట్టలు అడుగుకు దిగి, ఒంటరి నాళికలు పైన మిగులుతాయి. అలా విడిపడిన అర్ధవాహక నాళికలు పరారుణ కాంతిని వెదజల్లడం గమనించారు. ఏ రకం నాళికలున్నాయో గుర్తించడానికి ఇది మార్గం వేసింది. 2004లో అతిగాఢ గంధకికామ్లంలో నాళికలను కలిపి, దానినుండి దారం తీసిన ఫలితం వెలువడింది.

చివరి సంవత్సరాలు

1999లో స్మాలీకి కాన్సరు ఉన్నట్లు తెలిసింది. ఆ ఏడాదే, చికిత్సతో జుట్టు రాలిన స్థితిలో, అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు నానో పరిశోధనలకు నిధులు కోరుతూ సాక్ష్యమిచ్చాడు. 2000లో నాళికలు అమ్మేందుకు ఒక సంస్థను స్థాపించాడు. పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చే యంత్రాలు సాధ్యమన్న ఎరిక్ డ్రెక్స్‌లర్‌తో 2003లో ఈయన జరిపిన వాదం ప్రసిద్ధమైనది. మానవాళి సమస్యలలో ఇంధనమే మొదటిదని ఊరూరా ఉపన్యసించాడు. లోహ గుణం గల నాళికలతో పేనిన తీగ దూరప్రాంతాలకు విద్యుత్తును తక్కువ నష్టంతో చేరవేయగలదని నమ్మాడు. అటువంటి తీగ తయారు కాకముందే 2005లో హ్యూస్టన్‌లో మరణించాడు. రైస్‌లోని నానో పరిశోధన కేంద్రానికి తరువాత ఈయన పేరు పెట్టారు.