సి భాష తండ్రి డెన్నిస్ రిచీ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు హాస్టళ్ళ నుండి కంప్యూటర్ చదువుకు వెళ్ళిన మనలో సి భాష తెలియనివారు అరుదు. దానిని 1972 ప్రాంతంలో రూపొందించిన డెన్నిస్ రిచీ 1941లో అమెరికాలో జన్మించారు. 1967లో బెల్ ల్యాబ్స్‌లో చేరి, 1969 నుండి కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్‌ను నిర్మించారు.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. ఫైలులో ఎంతవరకు రాశామన్న గుర్తు ఏ ప్రాసెస్‌కు ఆ ప్రాసెస్ దగ్గరే ఉండేది. రెండు కమాండ్లు వరుసగా ఒకే ఫైలులోకి రాస్తే, రెండవది మొదటిదాని మీదనే రాసి దానిని చెరిపేసేది. ఒకే నోటుబుక్కు ఇద్దరం పంచుకుని ఎవరి గుర్తు వారు పెట్టుకుంటే ఏమవుతుందో హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా! అందుకని ఆ గుర్తులను సిస్టమ్ మొత్తానికీ ఒకే పట్టికలోకి మార్చారు. తల్లి ప్రాసెస్ తెరిచిన ఫైలును పిల్ల ప్రాసెస్‌లు అదే గుర్తుతో వాడుకోసాగాయి. ఈ సంగతిని రిచీయే తరువాత రాసిపెట్టారు.

1983లో ఇద్దరికీ ట్యూరింగ్ అవార్డు లభించింది. రిచీ 2011 అక్టోబరులో కన్నుమూశారు. నేటి లైనక్స్‌లోనూ నడుస్తున్నది ఆ పద్ధతే.