తూకం తెలిసిన గురువు



మన ముప్పాళ్ళ ప్రాంతపు పెద్దలకు వీశె, మణుగు లెక్కలు తెలిసినవే. 8 వీశెలు ఒక మణుగు. వీశె అంటే ఇంచుమించు 1,400 గ్రాములు. 1956లో తూనికల చట్టం వచ్చిన తర్వాత క్రమంగా ఆ మణుగు 11 కిలోల 200 గ్రాములుగా మారింది. రాళ్ళు మారాయి, అంకెలు మారాయి. తక్కెడలోని మిరపకాయలు మాత్రం పెరగలేదు, తరగలేదు. ఈ చిన్న సత్యాన్ని మరువకుండా విశ్వాన్నే లెక్కగట్టబోయిన ఒక కతోలిక గురువును ఈ వారం స్మరించుకుందాం. ఆయన పేరు జార్జి లెమైత్ర.

ఆయన 1894 జూలై 17న బెల్జియం దేశంలోని షార్లెరువా పట్టణంలో జన్మించారు. యేసుసభ గురువుల పాఠశాలలో చదివి, లువేన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యలో చేరారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగా సైన్యంలో చేరి, ఫిరంగి దళంలో పనిచేసి పతకం పొందారు. యుద్ధం ముగిశాక గణితంలో డాక్టరేటు సాధించి, గురువిద్యాలయంలో ప్రవేశించారు. 1923 సెప్టెంబరు 22న కార్డినల్ మెర్సియే గారి చేతుల మీదుగా గురుపట్టాభిషేకం పొందారు.

ఆ వెంటనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళి, ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ వద్ద చదివారు. సిరియస్ నక్షత్రానికి తోడుగా ఉన్న ఒక చిన్న నక్షత్రపు సాంద్రత శాస్త్రజ్ఞులను కలవరపెడుతున్న రోజులవి.

సాంద్రత అంటే ఎంత చోటులో ఎంత పదార్థం ఇమిడి ఉన్నదో చెప్పే లెక్క. ఒక ఘన సెంటీమీటరు నీటి బరువు 1 గ్రాము. ఒక ఘన మీటరులో 10 లక్షల ఘన సెంటీమీటర్లు ఉంటాయి గనుక అంత నీరు 1,000 కిలోలు, అంటే 1 టన్ను తూగుతుంది. ఒకటి, వెయ్యి, మళ్ళీ ఒకటి. అంకెలు మూడు విధాలు, నీరు ఒక్కటే. బంగారమైతే ఘన సెంటీమీటరుకు 19 గ్రాముల పైచిలుకు. సిరియస్ తోడు నక్షత్రానిది నేటి లెక్క ప్రకారం 20 లక్షల గ్రాముల పైమాటే. కిలోలలోకి మార్చితే ఘన మీటరుకు 200 కోట్ల కిలోలు. సులువుగా చెప్పాలంటే, 5 ఘన సెంటీమీటర్లు పట్టే చెంచాడు పదార్థం 10 టన్నులు, ఒక లారీ లోడు!

లెమైత్ర గారు లువేన్‌కు తిరిగివచ్చి అధ్యాపకులయ్యారు. విశ్వం నిలకడగా లేదని, వ్యాకోచిస్తున్నదని 1927లో ఒక వ్యాసంలో చూపించారు. లెక్కలు సరిగానే ఉన్నా ఐన్‌స్టీన్ ఆ భావాన్ని మొదట అంగీకరించలేదు. 1931లో లెమైత్ర గారు మరో అడుగు వేశారు. నేడు విస్తరిస్తున్నదంటే నిన్న ఇంకా దగ్గరగా ఉండేది. వ్యాసం సగానికి తగ్గితే అదే పదార్థపు సాంద్రత 8 రెట్లవుతుంది. అలా వెనక్కి, ఇంకా వెనక్కి పోతే సమస్తం ఒక మహా పరమాణువులో ఇమిడి ఉండాలి. దానికి ఆయన ఆదిమ పరమాణువు అని పేరుపెట్టారు. పరమాణు కేంద్రకంలోని పదార్థం ఎంత దట్టమంటే, ఒక ఘన సెంటీమీటరుకు సుమారు 23 కోట్ల టన్నులు. ఆయన ఊహ సాగింది అటువంటి లోకంలో.

ఆయన జీవితంలో అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1951 నవంబరులో 12వ పయస్ జగద్గురువులు శాస్త్ర అకాడమీలో ప్రసంగిస్తూ, విశ్వారంభాన్ని గూర్చిన కొత్త శాస్త్రం ఆదికాండపు సృష్టికి సాక్ష్యమిస్తున్నట్లుగా పలికారు. సిద్ధాంతానికి మూలపురుషుడైన గురువుకు ఇంతకన్న గౌరవం ఏముంటుంది? కాని లెమైత్ర గారు సంతోషించలేదు, కలత చెందారు. వాటికన్ ఖగోళశాల అధిపతి ఫాదర్ ఓకానెల్ గారితో మాట్లాడి, వినయంగానే తమ అభ్యంతరం తెలియజేశారు. 1952 సెప్టెంబరులో రోమునగరంలో ఖగోళ శాస్త్రజ్ఞులను ఉద్దేశించి ప్రసంగించినప్పుడు జగద్గురువులు ఆ పోలిక తేలేదు.

ఎందుకు కలత చెందారు? వీశెలను కిలోలుగా మార్చవచ్చు, రెండూ బరువులే గనుక. వీశెలను మైళ్ళుగా మార్చలేము. ఎంత పెద్ద సాంద్రత అయినా అది పదార్థపు కొలత మాత్రమే. సృష్టి అంటే సమస్తమూ, నాడే కాదు నేడు కూడా, దేవుని మీద ఆధారపడి ఉండటం. దానికి తూకపు రాయి లేదు. లోకానికి ఆరంభం ఉన్నదని కేవలం తర్కంతో రుజువు చేయలేమని, అది విశ్వాసం వల్ల తెలిసేదని పునీత తోమాసు అక్వినాసు గారు ఏనాడో బోధించారు.

ఆయన ఆదిమ పరమాణువు ఆయన చెప్పిన రూపంలో నిలవలేదు. విశ్వం అతి దట్టమైన స్థితి నుండి విస్తరించిందన్న మూలభావం మాత్రం నిలిచింది. ఆ తొలిరోజుల వేడి మిగిల్చిన కిరణాలు అంతరిక్షమంతటా కనుగొనబడ్డాయన్న వార్త, 1966 జూన్ 20న కన్నుమూయడానికి కొద్దికాలం ముందే ఆయనకు అందింది. 2018లో ఖగోళ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం విశ్వవ్యాకోచ నియమానికి హబుల్ పేరుతో పాటు ఆయన పేరునూ చేర్చాలని తీర్మానించింది.

తల్లిదండ్రులారా, సైన్సు బైబిలును రుజువు చేసిందని బిడ్డలకు చెప్పాలని మనకు ఆశ కలుగుతుంది. అలా కట్టిన విశ్వాసం, రేపు ఆ సిద్ధాంతం మారితే దానితోపాటే కూలుతుంది. మన బిడ్డలు లెక్కలను లెక్కలుగా శ్రద్ధగా నేర్చుకోవాలి, ప్రార్థనను ప్రార్థనగా నేర్చుకోవాలి. రెండింటినీ ఒకే హృదయంలో నిలుపుకొని, ఒకదాని రాయితో మరొకదాన్ని తూచకుండా జీవించిన ఈ గురువు మనకు ఆదర్శం కావాలి. సర్వసృష్టికర్త మన కుటుంబాలను దీవించునుగాక.