పేటెంట్ కోరని ఎక్స్-రే ఆవిష్కర్త రాంట్‌జెన్

వైద్యుడు కత్తి పట్టకుండానే దేహంలోని ఎముకను చూడగల మార్గాన్ని లోకానికి చూపినవారు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్. ఆయన 1845 మార్చి 27న లెన్నెప్ పట్టణంలో వస్త్ర వ్యాపారి ఇంట జన్మించారు. ఉపాధ్యాయుడిని ఎగతాళి చేస్తూ మరొకరు గీసిన బొమ్మకు ఆయనను బాధ్యుణ్ని చేసి యూట్రెక్ట్ పాఠశాల బహిష్కరించింది. అనంతరం జ్యూరిచ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 1869లో డాక్టరేట్ పొందారు.

1895 నవంబరు 8న వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో, నల్లని అట్ట కప్పిన విద్యుత్ నాళానికి ఎడంగా ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ తెర మెరిసింది. అట్టను దాటి వచ్చిన ఆ అజ్ఞాత కిరణాలకు ఎక్స్ కిరణాలని పేరు పెట్టారు. మాంసం గుండా సులువుగా సాగే ఈ కిరణాలను కాల్షియం నిండిన ఎముక అధికంగా శోషించుకుంటుంది. అందుకే ఫలకంపై ఎముక నీడ పడుతుంది. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతిని ఉంగరంతో సహా చిత్రించారు.

ఆవిష్కరణపై ఆయన పేటెంట్ తీసుకోలేదు. కొద్ది నెలల్లోనే ఐరోపా, అమెరికా వైద్యులు విరిగిన ఎముకలను, దేహంలో దిగిన తూటాలను ఈ కిరణాలతో గుర్తించసాగారు. 1901లో భౌతిక శాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి ఆయనను వరించగా, ఆ ధనాన్ని విశ్వవిద్యాలయానికే ఇచ్చివేశారు. మొదటి ప్రపంచ యుద్ధానంతర ద్రవ్యోల్బణం ఆయన పొదుపును హరించింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో కన్నుమూశారు.