పాటిగడ్డల పండితుడు – గులాం యజ్దానీ

నారాయణఖేడ్ ప్రాంతంలో పుట్టి పెరిగిన వారికి లంకెబిందెల కథలు కొత్తగా చెప్పనక్కరలేదు. ఫలానా గడి గోడలో బంగారం ఉందని, ఫలానా పాటిగడ్డ మీద అమావాస్యనాడు ఎవరో పూజలు చేసి తవ్వుకపోయినారని, తెల్లవారి చూస్తే గొయ్యి, నిమ్మకాయలు, పగిలిన కుండపెంకులు మాత్రమే మిగిలినవని ఊరూరా చెప్పుకుంటారు. ఈ కాలంలో నిమ్మకాయకు తోడు మెటల్ డిటెక్టర్ అనే యంత్రం కూడా వచ్చి చేరింది. గొయ్యి మాత్రం మారలేదు.

అటువంటి పాటిగడ్డలను, కూలిన గుళ్ళను, రాతి సమాధులను జీవితమంతా ఓపికతో పరిశీలించి, మన దక్కను చరిత్రకు ఆధారాలు సమకూర్చిన మహనీయుడు గులాం యజ్దానీ. ఆయన పేరు చెబితే అజంతాను తలచుకునేవారు ఉన్నారు. కాని మన బీదరు ఎర్రమట్టికి, మన కొండాపూర్ దిబ్బలకు ఆయన చేసిన సేవ విద్యార్థి మిత్రులలో చాలామందికి తెలియదు. ఆ కొరత కొంతైనా తీర్చాలనే ఈ చిన్న ప్రయత్నం.

యజ్దానీ 1885లో ఢిల్లీలో జన్మించారు. అరబ్బీ, ఫార్సీ భాషలలో గొప్ప పాండిత్యం సంపాదించి అధ్యాపక వృత్తిలో ప్రవేశించారు. 1914లో హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడింది. దాని వెనుక అప్పటి ఉన్నతాధికారి అక్బర్ హైదరీ పట్టుదల ఉంది. ఆ కొత్త శాఖకు అధిపతిగా యజ్దానీ వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. 1943లో పదవీ విరమణ చేసేదాకా దాదాపు 30 సంవత్సరాలు ఆ బాధ్యత మోసినారు.

బాధ్యత అంటే చిన్నదేమీ కాదు. ఎనభై వేల చదరపు మైళ్ళకు పైబడిన రాజ్యం. తెలుగు జిల్లాలు, మరాఠీ జిల్లాలు, కన్నడ జిల్లాలు కలిసినది. అజంతా, ఎల్లోరా, దౌలతాబాదు, గుల్బర్గా, బీదరు, ఓరుగల్లు, గోల్కొండ అన్నీ అందులోనివే. వీటిలో దేని మీద ఒక మనిషి ఆయుష్షంతా పెట్టినా చాలదు. అటువంటిది అన్నింటినీ ఒక్క శాఖ చూసుకోవలసి వచ్చింది.

ఆ శాఖకు తొలి రోజులలోనే ఒక అదృష్టం పట్టింది. 1915లో రాయచూరు జిల్లా మస్కి దగ్గర బీడన్ అనే గని ఇంజనీరు బంగారపు ఖనిజం కోసం కొండలు, గుట్టలు తిరుగుతున్నాడు. ఆయనకు బంగారానికి బదులు ఒక బండ మీద అక్షరాలు కనిపించినవి. అవి బ్రాహ్మీ లిపిలో ఉన్న ధర్మశాసనం. దేశంలో అక్కడక్కడ దేవానాంప్రియుడు అనే బిరుదుతో శాసనాలు దొరికినాయి గాని, అప్పటిదాకా దొరికిన వాటిలో ఆ రాజు అసలు పేరు లేదు. సింహళ గ్రంథాల సహాయంతో ఆయన అశోకుడే అని పండితులు ఊహించినారు. మస్కి బండ మీద అశోకుడనే పేరు స్పష్టంగా ఉంది. ఎనభై ఏళ్ళుగా నడిచిన ఊహ ఆ బండతో రుజువైంది. హెచ్. కృష్ణశాస్త్రి పరిష్కరించిన ఈ శాసనాన్ని హైదరాబాదు పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొదటి సంపుటంగా అదే సంవత్సరం వెలువరించింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. బీడన్ చరిత్రకారుడు కాడు. కాని కనిపించిన దానిని కనిపించిన చోటనే ఉంచి, తెలిసినవారికి కబురు చేసినాడు. ఆ పని చేయకపోతే ఆ బండ ఏ కట్టడానికో రాయిగా పోయి ఉండేదేమో! పురావస్తు శాస్త్రంలో సగం పుణ్యం ఇటువంటి మామూలు మనుషులదే.

యజ్దానీ దృష్టి రాజుల శాసనాలతో ఆగిపోలేదు. మన తెలంగాణ పల్లెలలో రాక్షసగుళ్ళు అని పిలుచుకునే బండరాళ్ళ సమాధులను ఆయన పరిశీలించినారు. వాటిలోని కుండల మీద గీసిన గుర్తులను పోగుచేసి 1917లో హైదరాబాదు పురావస్తు సంఘం పత్రికలో వ్యాసం ప్రకటించినారు. ఆ గుర్తులకు, ప్రాచీన లిపులకు ఆయన చూపిన పోలిక మీద తర్వాత వాదోపవాదాలు జరిగినవి. అది వేరే సంగతి. కాని ఎవరూ లెక్కచేయని మట్టి పెంకు మీది గీతను ఒక సాక్ష్యంగా భావించడమే ఆనాడు పెద్ద విషయం. నిధి కోసం తవ్వేవాడు మొదట విసిరి పారేసేది ఆ పెంకునే గదా!

1922లో పాలంపేట రామప్ప గుళ్ళ మీద ఆయన రచన వెలువడింది. అదే కాలంలో అజంతా పనీ సాగింది. రాలిపోతున్న చిత్రాలను నిలబెట్టడానికి 1920లో ఇటలీ నుంచి చెక్కోని, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించినారు. వారు ఊడిపోతున్న పూతను గోడకు తిరిగి అతికించినారు. అయితే చిత్రాల మీద వేసిన లక్క వార్నిష్ కాలక్రమంలో పచ్చబడి రంగులను మసకపరచింది. దానిని తొలగించడానికి తర్వాతి తరాలవారు చాలా శ్రమపడవలసి వచ్చింది. సదుద్దేశంతో చేసిన పని కూడా పాత వస్తువు మీద మచ్చ వదలగలదని దీనివల్ల తెలుస్తుంది. మరి దురాశతో చేసే పని సంగతి వేరే చెప్పాలా? అజంతా చిత్రాల మీద యజ్దానీ మహాగ్రంథం 1930 నుంచి 1955 వరకు నాలుగు భాగాలుగా ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ద్వారా వెలువడి ఆయనకు ప్రపంచఖ్యాతి తెచ్చింది.

ఇక మన గడపకు వద్దాం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా నారాయణఖేడ్ బీదరు జిల్లాలోనిదే. ఆ బీదరు కోటను, మదరసాను, సమాధులను మరమ్మతు చేయించి, 1947లో వాటి చరిత్రను పెద్ద గ్రంథంగా వెలువరించినది యజ్దానీయే. బీదరు నిలబడిన నేల సామాన్యమైనది కాదు. అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి నల్లరాయి అయింది. ఆ నల్లరాయి లక్షల ఏండ్లు ఎండకూ వానకూ నాని, కరిగేవి కరిగిపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి ఎర్రరాయిగా మారింది. కొత్తగా తవ్వినప్పుడు దానిని తేలికగా చెక్కవచ్చు. గాలి తగిలితే గట్టిపడుతుంది. బీదరు కోట కందకాలు ఆ రాతిలోనే తొలిచినారు. బిద్రీ పనివారు జింకు, రాగి కలిపిన లోహం మీద వెండి పొదిగి, కోటలోని పాతమట్టిని నవాసాగరంతో కలిపి రుద్దుతారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తుంది. అంటే ఈ ప్రాంతంలో మట్టి కూడా ఒక పనిముట్టే అన్నమాట.

ఈ మట్టి గుణం తెలిస్తే డిటెక్టర్ సంగతి కూడా తెలుస్తుంది. ఆ యంత్రంలో ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో మారుతూ ఉండే విద్యుత్తు ప్రవహించి చుట్టూ అయస్కాంత క్షేత్రం కల్పిస్తుంది. ఆ క్షేత్రంలో లోహం ఉంటే అందులో సుడి విద్యుత్తు పుట్టి, దాని ప్రభావం తిరిగి తీగచుట్టకు తగులుతుంది. యంత్రం కూత పెడుతుంది. కాని నేలలోనే అయస్కాంత గుణంగల ఇనుప ఖనిజం నిండి ఉంటే? నేలే కూస్తుంది! నల్లరాతి ముక్క కూస్తుంది, ఎర్రరాతి గడ్డ కూస్తుంది. బట్టీలో కాలిన ఇటుకకు, కుండకు కూడా కొంత అయస్కాంత గుణం వస్తుంది కనుక అదీ కూస్తుంది. ఈ రభసలో చిన్న సీసపు నాణెం ఇచ్చే బలహీనమైన జవాబు వినబడనే వినబడదు. నేలకు తగినట్లు యంత్రాన్ని సరిచేసుకోవచ్చు గాని, అలా చేసినప్పుడు లోతు తగ్గవచ్చు, చిన్నవి తప్పిపోవచ్చు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ శరీరంలోని తూటాను వెతకడానికి గ్రాహంబెల్ ఇటువంటి పరికరమే వాడినాడు. మంచంలోని ఉక్కు స్ప్రింగులు కూడా తోడై ఆ ప్రయత్నం విఫలమైంది. వెతికే వస్తువు ఒకటి, చుట్టూ మొత్తుకునే ఇనుము వేరొకటి! మన నేలలో కష్టం కూడా అదే.

మరి యంత్రం లేని రోజులలో యజ్దానీ ఏమి చేసినారు? దానికి జవాబు కొండాపూర్‌లో ఉంది. సంగారెడ్డికి చేరువలో, హైదరాబాదుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరి దిబ్బలను హైదరాబాదు పురావస్తు శాఖ 1940 నుంచి 1942 వరకు తవ్వింది. యజ్దానీ ఆధ్వర్యంలో, ఆయన సహచరుడు ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ తోడ్పాటుతో ఆ పని జరిగింది. ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూపపు ఆనవాళ్ళు, ఇనుప పనిముట్లు, పూసలు, అందమైన మట్టిబొమ్మలు బయటపడినవి. వేయికి పైగా నాణేలు దొరికినవి. సీసం, రాగి, పోటీన్ నాణేల మీద శాతవాహన రాజుల పేర్లు ఉన్నాయి. వెండి విద్ధాంక నాణేలున్నాయి. రోమక చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం కూడా ఉంది. మెతుకుసీమలోని ఒక పల్లెకు రోము నగరానికి రెండు వేల ఏండ్ల క్రితమే సంబంధం ఉండెనని ఎవరు అనుకున్నారు?

ఆలోచించండి. ఆ బంగారు నాణెం ఎవరికైనా రాత్రివేళ దొరికి ఉంటే కరిగించి ఉంగరం చేయించుకునేవాడు. సీసపు నాణేలను చెత్త అని పారేసేవాడు. ఇనుప చిట్టెం, కాలిన మట్టి యంత్రానికి అడ్డమని తిట్టుకునేవాడు. కాని చిట్టెం ఉన్నచోట కొలిమి ఉంది, కాలిన మట్టి ఉన్నచోట బట్టీ ఉంది, పూస ఉన్నచోట దానిని ధరించిన ఆడమనిషి ఉంది. నిధివేటగాడికి అడ్డుగా తోచేదే చరిత్రకారుడికి ఊరు. నాణెం ఒంటరిగా బయటికి వస్తే దానికి వెల మాత్రమే ఉంటుంది. ఏ గోడ పక్కన, ఏ పెంకులతో కలిసి, ఎంత లోతులో ఉండెనో తెలిస్తేనే దానికి నోరు వస్తుంది. యజ్దానీ కొండాపూర్‌ను 1941లో ఒక ఆంధ్ర నగరంగా పండితలోకానికి పరిచయం చేయగలిగింది నాణేలు ఒక్కదాని బలంతో కాదు, వాటి చుట్టూ ఉన్న ఊరి బలంతో.

అయితే అతిశయోక్తి పనికిరాదు. పొరలు పొరలుగా గుర్తించి, ప్రతి వస్తువునూ దాని పొరకు అంటగట్టి నమోదుచేసే కఠినమైన పద్ధతి మన దేశంలో 1944లో మార్టిమర్ వీలర్ వచ్చిన తర్వాతనే గట్టిపడింది. కొండాపూర్ తవ్వకం అంతకు ముందుది. అందుకే 2009 నుంచి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అక్కడ మళ్ళీ తవ్వకాలు చేపట్టినప్పుడు, మొదటివారు తవ్వక మిగిల్చిన నేల ఉపయోగపడింది. తరువాతివారికి కొంత మిగల్చడం కూడా ఒక విద్యే. పాటిగడ్డ పరీక్ష పేపరు వంటిది కాదు, మళ్ళీ అచ్చువేయడానికి. ఒక్కసారి చెదిరితే అంతే.

యంత్రాన్ని నిందించి లాభం లేదు. అమెరికాలో 1876లో లిటిల్ బిగ్‌హార్న్ వద్ద జరిగిన యుద్ధభూమి మీద 1983లో గడ్డి తగలబడింది. మరుసటి సంవత్సరం శాస్త్రజ్ఞులు డిటెక్టర్లతోనే ఆ నేలంతా గాలించినారు. కూత వినబడిన ప్రతిచోటా జెండా పాతి, స్థానం కొలిచి, ఆ తర్వాతనే వస్తువు తీసినారు. తూటాల గొట్టాల మీది గుర్తులను బట్టి ఏ తుపాకి ఎటునుంచి ఎటు కదిలిందో చెప్పగలిగినారు. అదే యంత్రం, చేతులు వేరు.

పదవీ విరమణ తర్వాత కూడా యజ్దానీ కలం విశ్రమించలేదు. 1959లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. 1960లో ఆయన సంపాదకత్వాన దక్కను ప్రాచీన చరిత్ర రెండు సంపుటాలుగా వెలువడింది. 1962లో ఆయన కన్నుమూసినారు. ఢిల్లీలో పుట్టి, అరబ్బీ ఫార్సీలు చదివి, తెలుగు కన్నడ మరాఠీ నేలల మీద హిందూ, బౌద్ధ, ముస్లిం కట్టడాలన్నిటినీ ఒకే శ్రద్ధతో కాపాడిన వ్యక్తి ఆయన. ఇటువంటి జీవితం ఈ రోజులలో మరీ మరీ తలచుకోదగినది.

విద్యార్థి మిత్రులారా! గుప్తనిధుల గురించి 1878 నుంచే దేశంలో చట్టం ఉంది. దొరికిన దానిని కలెక్టరుకు తెలియజేయడం విధి. రక్షిత స్థలాలలో అనుమతి లేక తవ్వడం నేరమని 1958 చట్టం చెబుతుంది. కాని చట్టం ప్రతి పాటిగడ్డకు కాపలా ఉండలేదు. సెలవులలో మన ఊళ్ళకు పోయినప్పుడు మనం ఉండగలం. నాగలికి ఒక బొమ్మ తగిలినా, గుట్టమీద అక్షరాలు కనిపించినా, దానిని కదల్చకుండా, స్థలం రాసుకొని, ఫోటో తీసి, చరిత్ర శాఖ అధ్యాపకులకో తహసీల్దారుకో తెలియజేద్దాం. కొండాపూర్ మ్యూజియం దూరమేమీ కాదు, ఒకసారి చూసివద్దాం. యజ్దానీ వంటి వారికి మనం చెల్లించగల నివాళి ఇంతకన్న మరొకటి లేదు.