వ్రేలికొసల చూపు

ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరానికి చేరువనున్న కూవ్రే గ్రామంలో 1809 జనవరి 4న లూయీ బ్రెయిలీ జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల ప్రాయంలో తండ్రి పనికొట్టులో ఆడుకొంటూ, తోలుకు రంధ్రాలు చేసే ఆరెతో ఆ బాలుడు కన్ను పొడుచుకొన్నాడు. ఆ వ్యాధి రెండవ కంటికీ సోకి చూపు పూర్తిగా పోయింది.

1819లో అతడు పారిస్‌లోని అంధవిద్యాలయంలో చేరాడు. అచ్చటి గ్రంథాలలో ఉబ్బెత్తు అక్షరాలుండేవి. కంటికోసం పుట్టిన ఆ అక్షరాలను వ్రేలితో పోల్చుకోవడం కష్టం. వ్రాయడం అంతకన్న దుర్లభం. సైనికోద్యోగి షార్ల్ బార్బియే తాను కల్పించిన చుక్కల లిపిని ఆ విద్యాలయానికి తెలియజేశాడు. అందులో ఒక్కొక్క గుర్తుకు పన్నెండు చుక్కల దాకా ఉండేవి. అది వ్రేలికొస క్రింద ఒక్కసారిగా ఇమడదు. బ్రెయిలీ తన 15వ ఏట దానిని ఆరు చుక్కలకు కుదించాడు. 1829లో ఆ పద్ధతిని గ్రంథరూపాన లోకానికి పంచిపెట్టాడు.

అదే విద్యాలయంలో ఉపాధ్యాయుడైనా, అచ్చటనే తన లిపి కొంతకాలం నిషేధానికి గురికావడం చూచాడు. విద్యార్థులు మాత్రం చాటుగా నేర్చుకొన్నారు. 1852 జనవరి 6న అతడు క్షయతో మరణించాడు. రెండేళ్లకు, 1854లో, ఫ్రాన్సు ఆ లిపిని అంగీకరించింది. 1951లో రూపొందిన భారతి బ్రెయిలీ వల్ల తెలుగు కూడా ఆ ఆరు చుక్కలలో ఒదిగింది.

2018లో స్వీడన్ దేశపు బోరోస్ విశ్వవిద్యాలయం సారథ్యాన, చూపూ వినికిడీ లేనివారికి ప్రకంపనలతో సందేశమందించే వస్త్రాలపై పరిశోధన ఆరంభమైంది. చర్మానికి ఎంత చెబితే అర్థమవుతుందన్నదే వారికీ ఎదురైన ప్రశ్న. ఆ ప్రశ్నకు మొదటి సమాధానం ఒక అంధబాలుని వ్రేలికొసలు వెదకి తెచ్చినదే.