డాక్టర్ ఆండ్రూ టేలర్ స్టిల్: బోధకుని కుమారుడు, వైద్యశాలా స్థాపకుడు



అమెరికా దేశములో రెండు విధములైన పట్టములు పొందిన వైద్యులు ఉన్నారు. ఒకరు మనము ఎరిగిన ఎం.డి. పట్టము గలవారు. రెండవవారు డి.ఓ. అను పట్టము గలవారు. నేడు ఆ దేశములో వైద్యము చదువు విద్యార్థులలో ఇంచుమించు నలుగురిలో ఒకరు ఈ రెండవ పట్టము కొరకే చదువుచున్నారు. ఈ రెండవ వరుస అంతయు ఒక చిన్న పట్టణములో రెండు గదుల కొయ్య ఇంటిలో మొదలయ్యెను. దానిని మొదలుపెట్టినవాడు ఒక పేద సంచార బోధకుని కుమారుడు. ఆయన పేరు ఆండ్రూ టేలర్ స్టిల్.

ఆయన 1828వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని లీ కౌంటీలో జన్మించెను. తండ్రియైన ఆబ్రామ్ స్టిల్ మెథడిస్టు సంఘ బోధకుడు. గుఱ్ఱమునెక్కి ఊరూర తిరిగి వాక్యము చెప్పుటయే గాక, రోగులకు మందులిచ్చు వైద్యుడు కూడ. సంఘము పంపిన చోటికెల్ల ఆ కుటుంబము మూటాముల్లె కట్టుకొని పోవలసినదే. అట్లు వారు వర్జీనియా నుండి టెనస్సీకి, అచ్చటనుండి మిస్సౌరికి వెళ్లిరి. ఆండ్రూ అడవి నరికి, నేల దున్ని, వేటాడి పెరిగెను. వేటాడిన జంతువులను కోసి శుభ్రపరచునప్పుడు ఎముక ఎచ్చట ఎముకతో కలిసినదో, నరము ఎటు పోయినదో శ్రద్ధగా చూచుట ఆ బాలునికి అలవాటు.

ఆయనకు సుమారు పదేండ్ల వయసున తలనొప్పి ఎక్కువగా వచ్చుచుండెను. ఒకనాడు నొప్పి తాళలేక, నాగలి పగ్గమును రెండు చెట్లకు నేలకు దగ్గరగా కట్టి, దానిపై దుప్పటి వేసి, మెడ దానిమీద ఆనించి పడుకొనెను. అట్లే నిద్రపట్టెను. లేచినప్పుడు నొప్పి పోయియుండెను. కారణమేమో అప్పుడు తెలియకపోయినను, ఆ సంగతి ఆయన మరువలేదు.

తరువాత తండ్రిని సంఘమువారు కాన్సాస్ ప్రాంతమునకు, షానీ అను అమెరికా మూలవాసుల మధ్యకు మిషనెరీగా పంపిరి. 1853లో ఆండ్రూ కూడ భార్యతో అచ్చటికి చేరెను. పగలు పొలము పని, తక్కిన వేళ తండ్రి వెంట రోగులను చూచుట. ఆ కాలమున వైద్యము అనేకులు ఈలాగే పెద్ద వైద్యుని చెంత ఉండి నేర్చుకొనిరి. శరీర నిర్మాణము తెలిసికొనవలెనని ఆయన షానీల సమాధులు త్రవ్వి ఎముకలను పరిశీలించెను. చనిపోయినవారి బంధువుల అనుమతి లేక చేసిన ఈ పనిని మనము మెచ్చుకొనజాలము. అయినను ఆయన ఎముకల జ్ఞానము అచ్చటనే గట్టిపడెనని చెప్పక తప్పదు.

స్టిల్ కుటుంబమువారు బానిసత్వమునకు గట్టి విరోధులు. 1857లో ఆండ్రూ కాన్సాస్ శాసనసభకు ఎన్నికయ్యెను. అంతర్యుద్ధము వచ్చినప్పుడు బానిసలను విడిపించు పక్షమున సైన్యములో చేరెను. మొదటి భార్య మేరీ 1859లో మరణించెను. మరుసటి సంవత్సరము మేరీ ఎల్వైరా టర్నర్ అను ఆమెను వివాహమాడెను.

1864వ సంవత్సరము ఆ యింటిమీద పిడుగువలె పడెను. మెదడు పొరల వాపు అను జ్వరము వచ్చి ఆ యింటి ముగ్గురు పిల్లలను తీసికొనిపోయెను. తండ్రి స్వయముగా వైద్యుడు. అయినను తన పిల్లలను తన చేతికి వదలక ఇతర వైద్యులను పిలిపించెను. వారు తమకు తెలిసినదంతయు చేసిరి. బోధకులు వచ్చి ప్రార్థించిరి. పిల్లలు దక్కలేదు. సమాధుల యొద్దనుండి తిరిగివచ్చిన తండ్రి హృదయములో ఒక ప్రశ్న నిలిచిపోయెను. మనుష్యుని ఇంత వింతగా నిర్మించిన దేవుడు, రోగమువేళ అతనిని ఊహలమీద ఆధారపడు వైద్యమునకే విడిచిపెట్టెనా?

ఈ ప్రశ్నకు గల కారణము తెలియవలెనంటే ఆ కాలపు వైద్యము తెలియవలెను. పాదరసముతో చేసిన మందులిచ్చి నోరు పుండ్లు పడి పండ్లు ఊడునట్లు చేయుట, రక్తము తీయుట, విరేచనములు చేయించుట, నల్లమందు, సారాయి – ఇవియే నాటి ముఖ్యమైన చికిత్సలు. రోగము వలన గాక మందు వలన చచ్చినవారును, మందు పేర త్రాగుబోతులైనవారును ఉండిరి. స్టిల్ దానిని కన్నులార చూచెను. పదేండ్లు ఎముకలను, నరములను, రక్తనాళములను మరల మరల పరిశీలించెను. శరీరమునకు తన్ను తాను బాగుచేసికొను శక్తిని సృష్టికర్తయే ఉంచెననియు, ఎముకలు కీళ్లు తమ స్థానములో ఉండి రక్తము అడ్డులేక ప్రవహించినయెడల ఆ శక్తి పని చేయుననియు ఆయన తలంచెను. 1874 జూన్ 22వ తేదీని తన వైద్యము పుట్టిన దినముగా ఆయన ఎంచుకొనెను. తరువాత దానికి ఆస్టియోపతి అని పేరు పెట్టెను. ఎముక అను అర్థము గల గ్రీకు మాటనుండి ఆ పేరు వచ్చెను.

కాన్సాస్‌లోని బాల్డ్విన్ పట్టణములో బేకర్ విశ్వవిద్యాలయమును మెథడిస్టులు స్థాపించినప్పుడు స్టిల్ సహోదరులు భూమి ఇచ్చి, కలప కోయించి సహాయపడియుండిరి. తన క్రొత్త బోధను ఆ విద్యాలయములో వివరించుటకు ఆయన సెలవు అడిగెను. వారు తలుపు మూసిరి. చేతులుంచి బాగుచేయుట క్రీస్తుకే చెల్లును, ఇతడు చేయునది అపవాది పని అని కొందరు బోధకులు పలికిరి. స్నేహితులు ముఖము చాటువేసిరి. తండ్రి జీవితమంతయు ఏ సంఘమునకు ధారపోసెనో ఆ సంఘములోనే కుమారునికి చోటు లేకపోయెను.

1875లో ఆయన మిస్సౌరి రాష్ట్రములోని కర్క్స్‌విల్ అను చిన్న పట్టణము చేరెను. టైఫాయిడు జ్వరము వచ్చి చాలకాలము మంచము పట్టెను. ఇంటిలో దారిద్ర్యము. మన గ్రామములలో కట్టు కట్టు వైద్యులు ఉన్నట్లే ఆయనయు ఎముకలు సరిచేయువాడనని చెప్పుకొని ఊరూర తిరిగెను. నడుము పట్టినవారు, భుజము తప్పినవారు, కుంటుచు వచ్చినవారు మేలుపొంది ఇండ్లకు పోయిరి. పేదలయొద్ద రుసుము అడుగలేదు. వార్త మెల్లగా ప్రాకెను. నవ్వినవారే తమ పిల్లలను ఎత్తుకొని వచ్చిరి.

రోగులు పెరిగిరి గాని చేతులు రెండే. కుమారులకు నేర్పినను చాలలేదు. అందుచేత 1892లో అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతి అను పాఠశాలను కర్క్స్‌విల్‌లో స్థాపించెను. అప్పటికి ఆయన వయసు 64 సంవత్సరములు. ఎడిన్‌బరోలో వైద్యము చదివిన విలియం స్మిత్ అను వైద్యుడు ఆయన పనిని చూచి ఆశ్చర్యపడి, శరీరశాస్త్రము బోధించుటకు ఒప్పుకొనెను. దానికి బదులు స్టిల్ అతనికి తన విద్య నేర్పెను. మొదటి తరగతిలో సుమారు ఇరువదిమంది చేరిరి. వారిలో ఆయన స్వంత పిల్లలును, స్త్రీలును ఉండిరి. అనేక వైద్య కళాశాలలు స్త్రీలను గడప దాటనియ్యని ఆ దినములలో ఈ పాఠశాల మొదటినుండియే వారిని చేర్చుకొనెను. ఎం.డి. పట్టము ఇచ్చుటకు ప్రభుత్వపు అధికారపత్రములో వీలున్నను, తన విద్య వేరని తెలియుటకు డి.ఓ. అను పట్టమునే ఆయన ఎంచుకొనెను.

1895లో పెద్ద చికిత్సాలయము కట్టబడెను. రోగులు రైళ్లలో దూరదేశములనుండి వచ్చుటచేత ఆ చిన్న పట్టణములో బసలు చాలకపోయెను. చట్టము మాత్రము సులభముగా లోబడలేదు. 1895లో శాసనసభ అంగీకరించిన బిల్లును మిస్సౌరి గవర్నరు త్రోసివేసెను. 1896లో వెర్మాంట్ రాష్ట్రము ముందుగా ఈ వైద్యమును గుర్తించెను. 1897లో మిస్సౌరియు గుర్తించెను. చదివి వెళ్లినవారు ఇతర పట్టణములలోను పాఠశాలలు పెట్టిరి. వాటిలో కొన్ని నాసిరకమైనవి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అను పండితుడు ఆ దేశపు వైద్య విద్యను పరీక్షించి, ఈ పాఠశాలలను కఠినముగా విమర్శించెను. ఆ దెబ్బ తగిలినపిమ్మట అవి ప్రయోగశాలలను, ఆసుపత్రులను, చదువును బాగుచేసికొనవలసివచ్చెను.

స్టిల్ 1917 డిసెంబరు 12వ తేదీన, 89 ఏండ్ల వయసున కర్క్స్‌విల్‌లోనే కన్నుమూసెను.

ప్రియులారా, ఆయనను మెచ్చుకొనుచునే ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. ఎముక స్థానము తప్పుటయే సకల రోగములకు మూలమని ఆయన తలంచినది నిలువలేదు. రోగములు కలుగజేయు సూక్ష్మక్రిములను గూర్చి శాస్త్రము తేటగా చెప్పుచున్న దినములలోను ఆయన మందులను దాదాపుగా అన్నిటిని నిరాకరించెను. నడుమునొప్పి వంటి బాధలకు చేతి చికిత్స ఉపకరించవచ్చును గాని, విషజ్వరమును అది ఆపజాలదు. ఆయన శిష్యుల శిష్యులు దీనిని గ్రహించి, ఆయన మరణానంతరము మందుల శాస్త్రమును తమ పాఠములలో చేర్చుకొనిరి. 1973 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములును డి.ఓ. వైద్యులకు సంపూర్ణ వైద్యాధికారము ఇచ్చెను. నేడు అట్టి కళాశాలలు 40కి పైగా ఉన్నవి. మొదటి పాఠశాల ఆయన పేరుగల విశ్వవిద్యాలయముగా కర్క్స్‌విల్‌లో నిలిచియున్నది. ఆ మొదటి కొయ్య ఇల్లు అచ్చటి ప్రదర్శనశాలలో భద్రపరచబడియున్నది.

ఆయన పిల్లలను తీసికొనిపోయిన రోగమునే చూడుడి. నేడు దానిలో అనేక రకములను టీకాలు ముందుగా ఆపుచున్నవి, మందులు వేళకు ఇచ్చినయెడల నయము చేయుచున్నవి. ఆయన పాఠశాలలో చదివిన వైద్యులు ఆ టీకాలను, మందులను తమ చేతులతోనే ఇచ్చుచున్నారు. గురువు నిరాకరించినదానిని శిష్యులు చేపట్టి, గురువు కోరినదానిని నెరవేర్చిరి. ఏ తండ్రియు అట్టి సమాధుల యొద్ద నిలువకూడదనియే గదా ఆయన కోరెను!

ఈ చరిత్రలో మనకు రెండు హెచ్చరికలు గలవు. మొదటిది సంఘమునకు. ఒకడు క్రొత్త మాట పలికినప్పుడు దానిని పరీక్షింపకమునుపే అపవాదికి అంటగట్టకూడదు. పరీక్షించి మేలైనది చేపట్టుడని అపొస్తలుడు థెస్సలొనీకయ సంఘమునకు బోధించెను గదా. రెండవది మనలో ప్రతివానికి. ఒక సత్యము దొరికినదని, అదియే సర్వసత్యమని అనుకొనకూడదు. వైద్యుడైన లూకా పౌలుతో కూడ ప్రయాణము చేసెను. ప్రార్థించు చేతికిని మందిచ్చు చేతికిని అచ్చట విరోధము లేదు. బిడ్డకు జ్వరము వచ్చి మెడ బిగిసినయెడల తడవు చేయక ఆసుపత్రికి ఎత్తుకొనిపోవుడి. దారిలో ప్రార్థించుడి.