డాక్టరు పాల్ డడ్లీ వైటు

ఆటపాటలలో ముందుండు యువకుడొకడు ఊరక కూర్చుండియుండగా గుండె దడదడలాడ నారంభించి, నాడి నిమిషమునకు రెండువందల పైబడి పోవును. ఇంటివారు జడుపనుకొందురు. వైద్యుడు వచ్చునప్పటికి నాడి చక్కబడియుండును! ఈ చిక్కును విప్పిన మువ్వురిలో నొకరగు వైటుగారి చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1886వ సంవత్సరము జూను 6వ తేదీన అమెరికాలోని రాక్స్‌బరీయందు వైద్యుని యింట జన్మించిరి. 1911లో హార్వర్డునందు పట్టము పొంది, 1913లో లండను వెళ్లి సర్ థామస్ లూయిసుగారియొద్ద గుండె విద్యుత్తును గీతలుగా చూపు యంత్రపు పనిని నేర్చి, మరుసటియేడు బోస్టనుకు మరలివచ్చిరి.

1928 ఏప్రిల్ 2వ తేదీన ముప్పదియైదేండ్ల వ్యాయామోపాధ్యాయు డొకడు గుండెదడకై వీరియొద్దకు వచ్చెను. దడ లేనివేళ తీసిన గీతలు చెడిన గుండె గీతలవలె వెడల్పుగా నుండెను; మనిషి చూడగా దృఢకాయుడు. వ్యాయామము చేయించి మరల తీయగా గీతలు చక్కబడెను! మరియొకరైనచో గుండెజబ్బని తేల్చి, ఆతనిని మంచమున పడవేసియుందురేమో. వైటుగారును, వారి సహాయకుడు లూయీ వుల్ఫుగారును అట్టివారిని మరికొందరిని వెదకిరి. లండనులోని జాన్ పార్కిన్సనుగారు తమ పాత గీతలను తిరుగవేయగా ఏడుగురు దొరకిరి. 1930లో పదునొకండుగురి వృత్తాంతము మువ్వురి పేర ప్రకటింపబడెను. ఇట్టి గీతలు అంతకుముందును అచ్చటచ్చట అచ్చుపడినవే. కాని వానినన్నిటిని ఒకచోట చేర్చినవారు వీరే.

కారణమును మాత్రము వీరు సరిగా ఊహింపలేదు. అది 1932, 1933లలో ఇతరులు చెప్పిరి. నాగావళి కాలువలక్రింద సేద్యము చేయువారి బిడ్డలకు దానిని తెలుపుట సులభము. గుండె పైగదులనుండి క్రిందిగదులకు విద్యుత్తు ఒక్క తూముగుండ, కొంచెము తడసి, దిగవలెను. కొందరికి పుట్టుకతోనే గట్టుప్రక్కన మరియొక సన్నని కండరపు దారి యుండును. ఆ గండిగుండ విద్యుత్తు ముందుగా దిగుటచే గీత వెడల్పగును. ఒక్కొక్కప్పుడు తూమున దిగి గండిగుండ మరల పైకెక్కి గిరగిర తిరుగును, అదియే దడ. పలువురికి ఇది ప్రాణభయము లేనిదే యైనను, అరుదుగా ప్రాణము తీయుననియు తరువాత తెలిసెను. 1968లో అమెరికాలో ఆ దారిని శస్త్రముతో తెంచిరి. నేడు రక్తనాళముగుండ సన్నని తీగను పంపి దానిని మాడ్చుచున్నారు.

వైటుగారు 1955లో జబ్బుపడిన అధ్యక్షుడు ఐసెన్‌హోవరుగారికి వైద్యము చేసి, ఆయనను మరల పనిలో ప్రవేశపెట్టిరి. మన దేశపు హృద్రోగవైద్యురాలు డాక్టరు పద్మావతిగారును హార్వర్డునందు వీరి శిష్యురాలే. గుండెకు నడకయు, సైకిలు సవారియు మేలని చెప్పి, తాము ముసలితనమునను సైకిలు త్రొక్కుచుండిరి. 1973 అక్టోబరు 31వ తేదీన బోస్టనులో కాలధర్మము నొందిరి.